బోర్డు మీద శనివారం

జాన్ సాహెబ్ పేరెత్తితే చాలు, మా ఊరు లష్కర్‌లో పాతవాళ్లు ఇప్పటికీ ముందు అతని గొంతునే తలుచుకుంటారు. ఏం గొంతయ్యా అని కళ్లు మూసుకునేవాళ్లు కూడా ఉన్నారు. ఆ గొంతులోంచి వచ్చిన మాటలు ఎవరివని మాత్రం ఒక్కడూ అడగడు. అడగకపోయినా నేనే చెబుతాను, నాకేం మొహమాటం లేదు. ఆ మాటలు నావి. బన్సీలాల్‌పేట రోడ్డులో రేకుల కొట్టు పెట్టుకుని బోర్డులు రాసిన తుకారాంవి.

అతని తండ్రి రైల్వే స్టేషన్ ముందు జట్కా తోలేవాడు. జాన్ సాహెబ్ చిన్నప్పుడు ఆ బండి పక్కన నిలబడి బొల్లారం, తిరుమలగిరి, చిలకలగూడ అంటూ ప్యాసింజర్లను కేకేసి పిలిచేవాడట. అలా పిలిచి పిలిచి గొంతు పదునెక్కింది. తండ్రి పోయాడు, మరుసటి ఏడు గుర్రమూ పోయింది. ఇక మిగిలింది గొంతు ఒక్కటే. రేకు పనివాడి చేత మూరెడు పొడవున ఒక భోంగా, అంటే రేకు బాకా, చేయించుకుని, మెడలో డప్పు వేసుకుని, ఊళ్లో జరగబోయేవాటిని చాటడం మొదలుపెట్టాడు. ఇవాళ ఫలానా చోట హరికథ, రేపు కుస్తీ పోటీ, ఎల్లుండి దర్గాలో కవ్వాలీ, ఆదివారం గుడారంలో బయస్కోపు, ఆ పై ఆదివారం చర్చి ఆవరణలో పాటల సభ. ఎవరి దేవుడైనా, ఎవరి ఆటైనా అతనికి ఒకటే. మనిషి పొట్టి, పైగా బక్క. పక్కనుంచి నడిచిపోతే ఎవరూ తలెత్తి చూడరు. ఆ భోంగా నోటి దగ్గర పెట్టుకున్నాడా, మోండా మార్కెట్‌లో బేరాలు ఆగిపోయేవి.

అతనికి చదువు రాదు. అక్కడే మా ఇద్దరికీ ముడి పడింది. నాటకం వేసేవాళ్లయినా, భజన పెట్టేవాళ్లయినా ముందు నా దగ్గరకు వచ్చేవారు. ఏ ఆట, ఏ రోజు, ఎక్కడ, ఎన్ని గంటలకు అన్న నాలుగు ముక్కలు చెప్పి వెళ్లేవారు. వాటికి మాటలు కట్టి, గుడ్డ మీద ఎర్రరంగుతో నీలిరంగుతో రాయడం నా పని. బోర్డు ఆరేలోగా జాన్ సాహెబ్ వచ్చి గడప దగ్గర గొంతుక్కూర్చునేవాడు. నేను ఒకసారి చదివేవాణ్ని, అతను ఒకసారి అప్పజెప్పేవాడు. రెండోసారి చదవమన్న రోజు లేదు. దీన్ని మేము మాట తీసుకోవడం అనేవాళ్లం. రాసినవాడి నోటి నుంచే మాట తీసుకోవాలి, తీసుకున్న మాటలో అక్షరం మార్చకూడదు. ఆ నియమం పెట్టింది నేనే. నా మాటలు ఎక్కడ చెడగొడతాడోనని మొదటి రోజుల్లో పెట్టాను. అతను దాన్ని నమాజు తప్పకుండా చేసే మనిషి పట్టుదలతో పాటించాడు.

పదకొండేళ్లు అలా నడిచింది. ఆ పదకొండేళ్లూ నేను కుళ్లుకుంటూనే ఉన్నాను. ఇది చెప్పుకోవడానికి సిగ్గుపడే వయసు దాటిపోయింది నాకు. ఒకసారి ఒక హాస్యనాటికకు నాలుగు గంటలు తల పట్టుకుని కూర్చుని, 'నవ్వడం మరిచిపోయినవాళ్లు ముందు వరుసలో కూర్చోవాలి, నవ్వి నవ్వి కడుపు నొస్తే మాకు సంబంధం లేదు' అని రాశాను. బోర్డు మార్కెట్ మూల మీద రెండు రోజులు వేలాడింది. దాన్ని చూసి ఒక్కడు నవ్వలేదు. అదే ముక్క జాన్ సాహెబ్ భోంగాలో చెబితే కూరగాయలమ్మేవాళ్లు తక్కెళ్లు కిందపెట్టి నవ్వారు. ఆ సాయంత్రం మా ఆవిడ సుమిత్ర పొయ్యి ముందు కూర్చుని అదే మాట అతని రాగంలో అంటూ తనలో తాను నవ్వుకుంటోంది. అది రాసింది నేనే అన్నాను. నువ్వు రాసింది నాకేం తెల్వది, ఆయన చెప్పింది విన్న అంది. ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

మంగలి అతని దగ్గర డబ్బులు తీసుకోడు. హోటల్లో చాయ్ ఊరికే పోస్తారు. పిల్లలు వెంట పడతారు. నేను బోర్డు కింద మూలన తుకారాం అని చిన్న అక్షరాలతో సంతకం చేసేవాణ్ని. ఏ ఒక్కడూ వంగి చూసిన పాపాన పోలేదు. అన్నిటికంటే ఒళ్లు మండే సంగతి ఇంకొకటుంది. ఎవరైనా మెచ్చుకుంటే జాన్ సాహెబ్ వెంటనే, మాటలన్నీ తుకారామన్నవి, గట్టిగ ఒర్లుడే నాది అనేవాడు. దాంతో జనం ఎంత అణకువ, ఎంత మంచితనం అని ఇంకా మెచ్చుకునేవారు. నా పేరు చెబితే కూడా పేరు అతనికే వచ్చేది. ఇంక మనిషన్నవాడు ఏం చేయాలి చెప్పండి.

పోలీసు చర్యకు ముందు ఏడాదంతా ఊరు భయంలోనే గడిపింది. ఆటలు తగ్గాయి, బోర్డులు తగ్గాయి. నలభై ఎనిమిది సెప్టెంబరులో అయిదు రోజుల్లో ఆ చర్య ముగిసింది. మిలిటరీ లారీలు వచ్చాయి, జనం జెండాలు పట్టుకుని రోడ్ల మీదికి వచ్చారు. అదే సమయంలో చిలకలగూడలో జాన్ సాహెబ్ ఉండే సందులో తలుపులన్నీ మూసుకున్నాయి. అతను ఎవరి జోలికీ పోయిన మనిషి కాడు. కాని మనిషిని కాదు, పేరును చూసే రోజులవి. బజారులో ఎవరు ఎవరిని చూపించి ఏం చెబుతారో తెలియదు. అతని భార్య మాబూబీకి కర్నూలులో అన్న ఉన్నాడు. వచ్చేయమని ఆయన కబురు మీద కబురు పంపుతున్నాడని విన్నాను.

నేను వెళ్లి పలకరించలేదు. భయం వల్ల కాదు. లోలోపల హాయిగా ఉంది, అందుకు. వీధిలో ఆ గొంతు లేదు. ఇకనైనా మన వంతు రాదా అనుకున్నాను. ఒక రోజు కొట్టు తలుపు దగ్గరకు వేసి, అట్టను చుట్టి భోంగాలా పట్టుకుని, రాసిన బోర్డు ఒకటి పైకి చదివాను. సుమిత్ర అన్నం గిన్నె తెచ్చి తలుపు తీసింది. నన్ను చూసి గిన్నె కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఏమైందే అంటే, ఏం లేదు, గొంతు పట్టిందేమో మిరియాల చారు పెడతానంది.

కార్తీకమాసంలో బ్రహ్మచారి అనే పేరుగలాయన వచ్చాడు. రైల్వే వర్క్‌షాపులో వడ్రంగి పని చేస్తూ చిలకలగూడ నాటక సమాజానికి కార్యదర్శిగా ఉండేవాడు. అప్పట్లో అయిదుగురి కంటే ఎక్కువ మంది గుమికూడాలంటే మిలిటరీ ఆఫీసు నుంచి కాగితం కావాలి. బ్రహ్మచారి నెల రోజులు తిరిగి ఆ కాగితం సంపాదించాడు. శనివారం సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు, చిలకలగూడ మైదానంలో, పద్యనాటకం. పోలీసు చర్య తర్వాత లష్కర్‌లో జరగబోయే మొదటి ఆట అది.

అతను ఆ నాలుగు ముక్కలూ చెప్పగానే నేను గొంతు సవరించుకుని, ఈసారి చాటింపు కూడా నేనే వేస్తానన్నాను. బ్రహ్మచారి నా వైపు జాలిగా చూశాడు. జాలిగా చూడకపోతే బాగుండేది.

"నువ్వు బోర్డు రాయి, చాలు. రెండు నెలల సంది జనం తలుపులు బిడాయించుకొని కూసున్నరు. జాన్ సాహెబ్ గొంతు చెవుల పడితేనే లష్కర్ మల్ల మామూలైందని నమ్ముతరు" అన్నాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాడు. మాబూబీ మూటలు కట్టేసిందట. ఈ చాటింపుకు జనం బయటికొస్తే ఉంటారు, రాకపోతే కర్నూలు పోతారు. ఆ మనిషిని ఉంచుకోవాలో వద్దో ఊరు తేల్చాలి, అంతకు మించి తన చేతుల్లో లేదన్నాడు. నాటకం సామాన్లు, జుట్టు టోపీలు అద్దెకు తేవడానికి సమాజం వాళ్లను వెంటబెట్టుకుని సిటీకి పోతున్నానని, శుక్రవారం పొద్దుగూకేదాకా రానని చెప్పి వెళ్లిపోయాడు. నేను బోర్డు రాశాను. శనివారం అన్న మాటను జానెడు జానెడు అక్షరాలతో రాశాను. అలాంటి అక్షరాలు నేను మళ్లీ రాయలేదు.

జాన్ సాహెబ్ గురువారం పొద్దున వచ్చాడు. చెంపలు లోపలికి పోయాయి. దారంతా గోడల పక్కనుంచి నడిచి వచ్చినట్టున్నాడు, భుజానికి సున్నం అంటింది. సలాం చేసి గడప దగ్గర కూర్చున్నాడు. ఇన్ని రోజులు ఎందుకు రాలేదని అడగలేదు. సుమిత్ర వదిన బాగుందా, నీ నడుం నొప్పి తగ్గిందా అని అడిగాడు.

"గీ ఒక్కసారి జనమొస్తే చాలన్నా. నేను ఊరు ఇడిసిపోను. నా గొంతు గీడ తప్ప ఏడ పనికొస్తది?" అన్నాడు.

నాకు వినపడింది చివరి మాట ఒక్కటే. గొంతు, గొంతు, గొంతు. పదకొండేళ్లుగా అదే మాట. నేను బోర్డు వైపు తిరిగి చదవడం మొదలుపెట్టాను. ఆట పేరు చదివాను, మైదానం చదివాను. రోజు దగ్గరికొచ్చేసరికి కళ్ల ముందు శనివారం అని ఉంది, నోటితో శుక్రవారం అన్నాను. నాలుక తడబడి కాదు. తెలిసే అన్నాను. శుక్రవారం జనం వస్తారు, ఖాళీ మైదానం చూస్తారు, నాలుగు తిట్లు తిట్టి పోతారు. ఒక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు ఆ గొంతు నవ్వులపాలవుతుంది. అంతే నేను అనుకున్నది. పాతరోజుల్లో ఖాళీ మైదానమంటే నవ్వే కదా. ఇప్పుడు కాగితం లేకుండా జనం పోగైతే ఏమవుతుందో నా బుర్రకు తట్టలేదు. అసూయ పడ్డవాడి బుర్ర అంతవరకే పనిచేస్తుంది.

అతను కళ్లు మూసుకుని అప్పజెప్పాడు. శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు అన్నాడు. నేను సరే అన్నట్టు తలూపాను.

ఆ మధ్యాహ్నం మార్కెట్ మూల మీదా, స్టేషన్ రోడ్డులోనూ నా బోర్డులు కట్టారు. సాయంత్రం ఆ గొంతు లేచింది. రెండు నెలల తర్వాత. కొట్టు ముందు నుంచి పోతున్నవాళ్లు ఆగిపోయారు. ఎదురింటి ముసలమ్మ తలుపు తీసి గడపలో నిలబడి కళ్లు తుడుచుకుంది. నాటకం మీద ప్రేమతో కాదు, మళ్లీ అతని కేక వినపడినందుకు. నాకు తిక్క రేగింది. అంతలో ఒక స్కూలు పంతులు జాన్ సాహెబ్‌ను ఆపి, బోర్డు మీద శనివారమని ఉందే అని అడగడం నా కళ్లారా చూశాను. జాన్ సాహెబ్ ఒక్క క్షణం బోర్డు వైపు చూశాడు. తర్వాత భోంగా ఎత్తి, ఇంకా గట్టిగా, శుక్రవారమే, శుక్రవారమే అని అరుచుకుంటూ పోయాడు. పొగరు చూడు, అక్షరం ముక్క రానివాడు పంతులునే కాదంటున్నాడు, అనుభవించనీ అనుకున్నాను.

శుక్రవారం నాలుగు గంటలకు నేను మైదానం మూల మీద చింతచెట్టు చాటున నిలబడ్డాను. అతణ్ని తిడుతుంటే వినాలని వెళ్లాను. జనం వచ్చారు. వందల్లో వచ్చారు. చాపలు చంకన పెట్టుకుని, పిల్లల్ని ఎత్తుకుని, రెండు నెలలు మూసుకున్న ఇళ్లలోంచి కొత్తబట్టలు కట్టుకుని వచ్చారు. హిందువులూ వచ్చారు, ముసల్మానులూ వచ్చారు. స్టేజీ లేదు, తెర లేదు. నాలుగున్నర అయింది. ఇక షురూ అవుతాయి తిట్లు అని నేను చెవులు రిక్కించాను.

ఒక్కడూ తిట్టలేదు. నాటకమోళ్లు ఆలస్యమయ్యారేమో, అందాకా నువ్వే ఏదన్నా చెప్పు జాన్ సాహెబ్ అన్నారు. అతను కంగారుగా దారి వైపు చూస్తూనే, పాత చాటింపులు ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టాడు. కుస్తీ పోటీది, గుడారం బయస్కోపుది, ఆ హాస్యనాటికది. పదకొండేళ్ల నా మాటలన్నీ, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. నేను పరువు తీయాలని చూస్తే అతను నా మాటలతోనే జనాన్ని కూర్చోబెట్టాడు. చెట్టు చాటున నిలబడి పళ్లు కొరుక్కోవడం తప్ప నాకేం మిగల్లేదు.

అప్పుడు పోలీసు వ్యాను వచ్చింది. ఎవరి పర్మిషన్‌తో పోగయ్యారని అడిగారు. ఎవరు రమ్మన్నారని అడిగారు. జనం చప్పుడు లేకుండా లేచి నిలబడ్డారు. జాన్ సాహెబ్ భోంగా పట్టుకున్న చేయి పైకెత్తి, నేనే రమ్మన్నానన్నాడు. కాగితం శనివారానిది, నువ్వు శుక్రవారం ఇంతమందిని ఎందుకు పోగేశావు, ఎవరు చేయమన్నారు అన్నారు. ఆ రోజుల్లో అలాంటి ప్రశ్నకు, అలాంటి పేరున్న మనిషి దగ్గర, మంచి జవాబు ఉండదు. అతణ్ని ఎక్కించుకుని పోయారు. భోంగా గడ్డిలో పడిపోయింది. జనం పిల్లల్ని ఎత్తుకుని ఇళ్లకు పరుగెత్తారు, మళ్లీ తలుపులు పడ్డాయి.

నేను ఇంటికొచ్చి చాప మీద కూర్చున్నాను. ఇప్పుడు నా పేరు చెబుతాడు, ఇప్పుడు నా కోసం వస్తారు అని గుమ్మం వైపు చూస్తూనే ఉన్నాను. ఎవరూ రాలేదు. తెల్లవారి బ్రహ్మచారి వచ్చాడు. మొహం పీక్కుపోయింది. శనివారం కాగితం రద్దయిందట. వచ్చే శనివారానికి కొత్తది ఇస్తామన్నారట గాని, జాన్ సాహెబ్‌ను మాత్రం వదలలేదట. ఎవరు చెప్పించారో చెప్పమంటే, ఎవరూ కాదు, నా చెవులే మోసం చేసినయ్ అంటున్నాడట. అలా అంటే ఎవరు నమ్ముతారు, పెద్ద జైలుకు పంపుతారేమోనని బ్రహ్మచారి తల కొట్టుకున్నాడు. తర్వాత, ఇక దారి లేదు, వచ్చేవారం చాటింపు నువ్వే వెయ్యి, వాళ్లింటికి పోయి భోంగా తెచ్చుకో అన్నాడు.

చూశారా, నేను కోరుకున్నది నా చేతికే వచ్చింది.

చిలకలగూడ సందులో వాళ్లిల్లు రెండు గదుల పెంకుటిల్లు. వాకిట్లో నాలుగు మూటలు కట్టి ఉన్నాయి. మాబూబీ మిషన్ స్కూల్లో మూడో తరగతి దాకా చదువుకున్న మనిషి, తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివేది. ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది. నేను భోంగా కోసం వచ్చానని చెప్పాను. ఎవరో మైదానం నుంచి తెచ్చిచ్చారట, సొట్టపడి ఉంది. దాన్ని కొంగుతో తుడుస్తూ నిలబడింది. నాకు వెంటనే ఇవ్వలేదు.

"గురువారం పగటిపూట బోర్డు కట్టంగనే చదివిన అన్నా. శనివారమున్నదని చెప్పిన. ఇనలే. అన్న చెయ్యి తప్పు రాసిందేమో గని, అన్న నోరు తప్పు చెప్పదన్నడు. బోర్డు తప్పని నలుగురికి తెలిస్తే అన్న బద్నాం అయితడు, జనం బోర్డు మొకం చూడకుంట నేనే ఇంకింత గట్టిగ ఒర్లుత అన్నడు" అంది.

అంటే, పంతులు అడిగినప్పుడు గట్టిగా అరిచింది పొగరుతో కాదు. నా బోర్డులో తప్పుందనుకుని, నా పరువు కాపాడటానికి అరిచాడు. మాబూబీ నా కళ్లలోకి చూస్తూ ఇంకో మాట అంది.

"మీ చెయ్యి తప్పలేదన్నా. గిప్పుడు చెప్పుర్రి, తప్పింది ఆయన చెవులా?"

ఆమెకు జవాబు అక్కర్లేదు. భోంగా నా చేతిలో పెట్టి లోపలికి పోయి తలుపు వేసుకుంది.

దాన్ని పట్టుకుని మార్కెట్‌కు పోవాల్సినవాణ్ని ఠాణాకు పోయాను. ధైర్యంతో పోయానని అనుకోకండి. ఆ ఇంటి ముందు నుంచి ఎటైనా పారిపోవాలి, కాళ్లు అటు పోయాయి. అక్కడ బ్రహ్మచారి అప్పటికే బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు పేరు జ్ఞానశేఖర్, మద్రాసు వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు. మర్యాదస్తుడు. నేను నిలబడే చెప్పేశాను. చదువు రాని అతనికి బోర్డు చదివి చెప్పేది నేనేనని, బోర్డు మీద శనివారమని రాసి కావాలనే శుక్రవారమని చెప్పానని, తప్పంతా నాదని. ఎందుకు అలా చేశారని ఆయన అడిగాడు. అతని గొంతంటే నాకు కుళ్లు అని చెప్పాను.

ఆయన నవ్వాడు. వెక్కిరించే నవ్వయితే బాగుండేది, మనిషి కరిగిపోయి నవ్వాడు.

"ఆ బోర్డు నేనూ చూశానండీ. అంత శ్రద్ధగా రాసిన మనిషి కావాలని తప్పు చెబుతారా? ఆయనేమో నా చెవులదే తప్పు అంటాడు, మీరేమో నా నోటిదే అంటారు. ఒకరి కోసం ఒకరు. ఈ ఊళ్లో ఇన్ని జరిగాక ఒక తుకారాం వచ్చి ఒక జాన్ సాహెబ్ కోసం నేరం నెత్తిన వేసుకుంటున్నాడంటే, ఇక నేను ఆయన్ని అనుమానించక్కర్లేదు" అన్నాడు.

కాదండీ, నేను చెప్పింది నిజం అన్నాను. ఒక్కసారే అన్నాను. ఆయన నా భుజం మీద చేయి వేశాడు. ఇలాంటివాళ్లు పదిమంది ఉంటే మాకిక్కడ పనే ఉండదని పక్కనున్న జవాన్లకు చెప్పాడు. జవాన్లు నన్ను చూశారు. బ్రహ్మచారి బెంచీ మీద నుంచి లేచి నా చేతులు పట్టుకున్నాడు, అతని కళ్లు తడిగా ఉన్నాయి. పుట్టి బుద్ధెరిగాక నన్ను నలుగురు అలా చూడటం అదే మొదలు. రెండోసారి చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచి మూసుకున్నాను. అంత తియ్యగా ఉంది.

నా జామీను మీద జాన్ సాహెబ్‌ను వదిలారు. బయటికి రాగానే నా మెడ చుట్టూ చేతులు వేసి, నా కోసం అబద్ధమాడినవా అన్నా అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. వద్దు వద్దంటున్నా బ్రహ్మచారి ఆ కథంతా దారి పొడుగునా చెప్పుకుంటూ వచ్చాడు. సాయంత్రానికి లష్కర్ అంతా పాకింది. నేను ఇల్లు చేరేసరికి సుమిత్ర గుమ్మంలో దీపం పట్టుకుని నిలబడి, పెళ్లయిన పదిహేనేళ్లలో ఎన్నడూ లేనిది, వంగి నా కాళ్లకు దండం పెట్టింది.

మరుసటి శనివారం నాటకానికి మైదానం పట్టలేదు. శుక్రవారం వచ్చినవాళ్లంతా వచ్చారు, ఇంకా వాళ్ల చుట్టాల్ని కూడా వెంటబెట్టుకొచ్చారు. నన్ను ముందు వరుసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. తెర తీసే ముందు జాన్ సాహెబ్ స్టేజీ మీదికి వచ్చాడు. ఆ పూట చెప్పాల్సిన మాటలు నేనే రాసి, పొద్దున్నే గడప దగ్గర చదివి వినిపించాను. ఆ రోజు ఒక్క తప్పు చదవలేదు. అతను వాటిని చెప్పలేదు. సొట్ట భోంగా పక్కన పెట్టి, ఉత్త గొంతుతో మాట్లాడాడు.

"గీ మాటలు నాకెవ్వరు చదివి చెప్పలే, నావే. పదకొండేండ్ల సంది మీరు మెచ్చుకున్నది తుకారామన్న మాటల్ని. నేను ఖాళీ రేకును. రేకుకు సొట్టపడితె బయట పారేస్తరు. నన్ను పారేసే రోజొచ్చినప్పుడు ఒక్కడొచ్చి పట్టుకున్నడు. నేను ఊరు ఇడిసి పోతలేను. ఎందుకని ఎవరన్న అడిగితే ఆయన పేరు చెప్పుర్రి" అన్నాడు.

మైదానం దద్దరిల్లింది. నా పేరు లష్కర్ మొత్తానికి వినపడింది. పదకొండేళ్లు నేను కోరుకున్నది అదే. ఆడవాళ్ల వైపు సుమిత్ర కళ్లొత్తుకుంటోంది. ఆమె పక్కన మాబూబీ చేతులు ఒళ్లో పెట్టుకుని నన్నే చూస్తోంది. అప్పుడు లేచి నిలబడి నిజం చెప్పొచ్చు. మైదానం నిండా జనం ఉన్నారు, వింటారు. లేవబోయాను కూడా. లేస్తుండగా ఒక సంగతి తట్టింది. అతను సొంతంగా కట్టుకున్న ఆ నాలుగు మాటలు, నేను జన్మలో రాసిన ఏ మాట కంటే కూడా బాగున్నాయి. గొంతొక్కటే అతనిదనుకున్నాను ఇన్నాళ్లూ, మాటలన్నా నావే అనుకున్నాను. పాత కుళ్లే మళ్లీ లేచింది, మాటలు కూడా పోయాక ఇక నాకు మిగిలింది అతనిచ్చిన పేరొక్కటే. నిజం చెప్పడానికి లేచినవాణ్ని, జనానికి చేతులు జోడించి దండం పెట్టి మళ్లీ కూర్చున్నాను.